సల్లటి నీళ్లకు ఏది, వేడి నీళ్లకు ఏది? కుండ, స్టీలు, రాగి, ప్లాస్టిక్, థర్మస్ అన్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం

ఏప్రిల్ రాంగనే పాలమూరుల అయినా నల్లగొండల అయినా ఇంటింటికీ ఇదే ముచ్చట, కుండ కొనాల్నా, రాగి బిందె మంచిదంటున్నరు అది కొనాల్నా, పిల్లలకు థర్మస్ బాటిల్ కొనాల్నా, ఫ్రిజ్జు ఉండంగ ఇవన్నీ ఎందుకు అని. నవంబర్ దాటితే అదే ప్రశ్న తిరగబడ్తది, స్నానానికి నీళ్లు దేంట్ల కాగబెడితే తొందరగ కాగుతయి, ఏది పెడితే కరెంటు బిల్లు తక్కువ, పొద్దున పోసిన చాయ్ పదకొండింటి దాకా వేడిగ ఉండాలంటే ఏం కొనాలె అని. అందరూ ముందు అడిగేది గిన్నె దేంతోటి చేసిన్రు అని. నా మాటకొస్తే అది చాలాసార్లు రెండో ప్రశ్న. మొదలు చూడాల్సింది వేడి ఏ దారిన లోపలికి వస్తుంది, ఏ దారిన బయటికి పోతుంది అని, అది తెలిస్తే ఉన్న గిన్నెతోనే సగం పని అయిపోతది, కొత్తది కొనాల్సిన అవసరం కూడా చాలామందికి ఉండదు.

పుస్తకంలో ఉండే లెక్క ముందు చెప్తా, ఎందుకంటే దాన్ని చూపించే అందరూ తప్పు సలహా ఇస్తుంటరు. వేడిని మోసుకపోయే గుణం రాగికి సుమారు 400, అల్యూమినియంకు 235 దగ్గర, ఇత్తడికి 110 దగ్గర, మనం రోజూ వాడే స్టెయిన్‌లెస్ స్టీలుకు 15, గాజుకు 1, కాల్చిన మట్టికి ఒకటి కంటే తక్కువ, ప్లాస్టిక్ రకాలకు 0.2 నుంచి 0.5 (మీటరుకు, ఒక్కో డిగ్రీకి, వాట్లలో). ఇది చూసి రాగి బిందెల నీళ్లు ప్లాస్టిక్ బిందెల కంటే వెయ్యి రెట్లు తొందరగ వేడెక్కుతయి, సల్లబడ్తయి అనుకుంటరు. కాదు. గిన్నె గోడ మందం ఒక మిల్లీమీటరు ఉంటది అంతే, అసలు అడ్డం పడేది ఆ గోడ కాదు, గిన్నెను అంటుకొని కదలకుండ ఉండే గాలి పొర. గాలికి వేడిని మోసే గుణం 0.025 మాత్రమే. అందుకే ఒకే అర్రల, ఒకే సైజువి, రెండింటికీ మూత పెట్టి స్టీలు బిందె, ప్లాస్టిక్ బిందె పక్కపక్కన పెడితే రెండిట్ల నీళ్లు దాదాపు ఒకే తీరుగ సల్లబడ్తయి. ఇంకా చెప్పాలంటే మెరిసే స్టీలు తన వేడిని కిరణాల రూపంలో తక్కువ వదుల్తది కాబట్టి అది కొంచెం ఆలస్యంగానే సల్లబడ్తది, ఇది చాలామందికి నమ్మబుద్ధి కాదు గానీ నిజం.

గోడ ఎప్పుడు పట్టింపుకొస్తది అంటే, గిన్నె బయట గాలి కాకుండ నీళ్లో మంచో ఉన్నప్పుడు, గోడ బాగా మందం ఉన్నప్పుడు, గోడలోంచి నీళ్లే బయటికి ఊరినప్పుడు. మూడోది మన కుండ.

కుండ సల్లగ ఎందుకు అయితదంటే మట్టి సల్లదని కాదు. కాల్చిన మట్టిల సన్న సన్న రంధ్రాలుంటయి, వాటిలోంచి నీళ్లు బయటికి ఊరి గోడ మీద తడి అయితది, ఆ తడి ఆవిరైపోతూ లోపలి నీళ్ల నుంచి వేడి గుంజుకపోతది, మనకు చెమట పట్టినంక గాలి తగిలితే హాయిగ ఉంటది చూడండి, అదే పని. ఎంత గుంజుతదంటే, ఒక గ్రాము నీళ్లు ఆవిరి కావాలంటే సుమారు 580 క్యాలరీలు కావాలె, ఒక గ్రాము నీళ్లను ఒక డిగ్రీ తగ్గించాలంటే ఒక క్యాలరీ చాలు. అంటే 10 లీటర్ల కుండల 100 మిల్లీలీటర్లు, చిన్న గ్లాసు అనుకోండి, అంత ఊరి ఆవిరైతే మిగిలిన నీళ్లన్నీ ఆరు డిగ్రీల దాకా దిగుతయి. బయటి నుంచి వేడి లోపలికి వస్తూనే ఉంటది కాబట్టి అసలుకు అంత దిగదు, ఇంకొన్ని నీళ్లు ఊరాలె, అందుకే కుండల నీళ్లు తగ్గుతున్నయని ఎవరూ బాధపడొద్దు, తగ్గితేనే అది పని చేస్తున్నట్టు.

దీనికి ఒక హద్దు ఉంది, అది గాలిల తేమను బట్టి ఉంటది. మే నెలల దేవరకొండ, మిర్యాలగూడ, నాగర్‌కర్నూల్ దిక్కు మధ్యాహ్నం 42 డిగ్రీలు, తేమ 20 శాతం అనుకుంటే, తడి బట్ట ఎంత ఆరినా 24 డిగ్రీల దగ్గర ఆగిపోతది, కుండ అంతకంటే కిందికి పోలేదు, దానికి రెండు మూడు డిగ్రీలు పైననే ఉంటది. 42 ల 27 అంటే దూప తీరనీకి ఇంతకన్నా ఏం కావాలె. అదే జూలైల 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్నరోజు ఆ హద్దు 27 దగ్గరికి వస్తది, అంటే కుండ ఎంత కష్టపడ్డా రెండు మూడు డిగ్రీల కంటే దింపదు. కుండ పాడైపోయింది, పోయినేడు మంచిగుండె అని వానకాలంల చాలామంది అంటరు, కుండ పాడుకాలేదు, గాలి తడిగ అయింది. సముద్రం ఒడ్డున ఉండే చుట్టాలు మా ఇంట్ల కుండ అంత సల్లగ కాదు అంటే అదీ ఇదే, మన ఎండిన గాలికే కుండ సరిగ్గా సరిపోయింది, ఆ విషయంల మనం అదృష్టవంతులం.

ఇగ కుండ కొనేటప్పుడు. పూలు, రంగులు వేసి పైన నున్నగ పెయింట్ కొట్టి నల్లా బిగించి అమ్ముతున్న కుండలు చూడడానికి బాగుంటయి, కానీ పెయింట్ రంధ్రాలను మూసేస్తది, నీళ్లు ఊరవు, ఊరకపోతే అది మందపాటి ప్లాస్టిక్ డబ్బాతో సమానం. నల్లా ఉండొచ్చు, పెయింట్ మాత్రం వద్దు. నల్ల కుండ మంచిదా ఎర్ర కుండ మంచిదా అని అడుగుతరు, నలుపు అనేది ఆవంల పొగ పట్టించి గాలి తగ్గించి కాల్చడం వల్ల వచ్చేది, నీడల పెట్టే కుండకు రంగుతో పెద్ద పని లేదు, ఊరుడు బాగుందా లేదా అనేదే చూడాలె. కుమ్మరాయన దగ్గరనే కొంటే ఒక కుండల నీళ్లు పోసి కాసేపు ఉంచి చూపించమని అడగండి, పైన తడి చెమటలెక్క అంతటా సమానంగ రావాలె, ఒక్క దగ్గర ధార కారితే అది పగులు. వేలితో కొడితే ఖంగున మోగాలె, మొద్దుగ మోగితే తీసుకోవద్దు. కొన్నంక ఒక రోజంతా నీళ్లల్ల నానబెట్టి మొదటి నీళ్లు పారబోయండి, మట్టి వాసన కొంత పోతది.

పెద్ద రంజను కొనాల్నా చిన్న కుండ కొనాల్నా అంటే, నలుగురున్న ఇంటికి ఒక పెద్దదాని కంటే రెండు నడిపి సైజు కుండలు మేలు. పెద్దదాంట్ల నీళ్లు ఎక్కువ, ఆ నీళ్లకు తగ్గ గోడ తక్కువ, సల్లబడనీకి చాలాసేపు పడ్తది, రెండుంటే ఒకటి తాగుతుంటే ఇంకోటి సల్లబడుతుంటది. కుండ పెట్టే జాగా మీద నాకు గట్టి పట్టింపు ఉంది, వంటింట్ల మూలకు, పొయ్యి పక్కన, అల్మారా సందుల పెట్టి సల్లగ కాలేదంటే ఎట్ల అయితది, గాలి ఆడే వరండాల, నీడల, కింద తడి ఇసుక పోసి దాని మీద పెట్టాలె. పైన మూత పెడితే ఆవిరి ఆగిపోతదని కొందరు తెరిచి పెడ్తరు, అది అవసరం లేదు, ఆవిరి పోయేది గోడల మీది నుంచి, నోటి నుంచి కాదు, మూత పెట్టకపోతే దుమ్ము, దోమలే వస్తయి. పొడుగు కాడ ఉన్న గంటెతో ముంచుకోండి, చెయ్యి పెట్టి ముంచొద్దు.

మన దగ్గర బోరు నీళ్లల్ల ఉప్పులు ఎక్కువ. అవి గోడల రంధ్రాలల్ల తెల్లగ పేరుకపోయి ఒకటి రెండు సీజన్లకే కుండ ఊరుడు బందయితది. సబ్బు పెట్టి తోమొద్దు, సబ్బు రంధ్రాలల్ల ఉండిపోతది, కొబ్బరి పీచుతో ఉత్త నీళ్లతో తోమి, నిమ్మరసం కలిపిన నీళ్లతో రుద్ది, ఎండల ఎండబెడితే కొంత తెరుచుకుంటది. అప్పటికీ కాకపోతే కొత్తది కొనుడే, కుండ ఎప్పటికీ ఉండే వస్తువు కాదు.

ఇక్కడ నీళ్ల గురించి ఒక్క మాట, గిన్నె ముచ్చటతో కలిసిపోయి చాలామంది మోసపోతున్నరు కాబట్టి చెప్తున్న. మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు ఫ్లోరైడ్ బాధ ఎంత నరకమో చెప్పాల్సిన పని లేదు. నీళ్లు కాచి తాగితే, కుండల పోసి తాగితే, రాగి చెంబుల పెట్టి తాగితే ఫ్లోరైడ్ పోతది అని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు. కాస్తే నీళ్లు ఆవిరైతయి, ఫ్లోరైడ్ అట్లనే ఉంటది, అంటే మిగిలిన నీళ్లల్ల ఇంకా చిక్కబడ్తది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగొద్దు, దానికి గిన్నె మార్చుడు కాదు, నీళ్లే మార్చాలె, మిషన్ భగీరథ (సర్కారు ఇంటింటికిచ్చే తాగునీటి పథకం) నల్లా నీళ్లు వస్తుంటే తాగనీకి, వంటకు అవే వాడండి.

రాగి బిందె. దాని మీద నాకు గౌరవం ఉంది, రాత్రంతా పెట్టిన నీళ్లల్ల సూక్ష్మజీవులు తగ్గుతయి అనేది ఉత్త మాట కాదు, కానీ సల్లటి నీళ్ల కోసం రాగి కొనొద్దు. అది ఊరదు, గదిల వేడి ఎంత ఉంటే నీళ్ల వేడి అంతే ఉంటది. ముట్టుకుంటే సల్లగ అనిపిస్తది, ఎందుకంటే మన చేతి వేడిని గబగబ గుంజుకపోతది, నీళ్లు సల్లగున్నయని కాదు. మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు మాత్రం రాగిల పోయొద్దు, పులుపు రాగిని కరిగిస్తది. స్టీలు బిందె కూడా సల్లగ చేయదు, కానీ దాన్ని తడి బట్టతో చుట్టి గాలికి పెట్టండి, అది కుండ లెక్కనే పని చేస్తది. ప్లాస్టిక్ బాటిల్‌కు చుట్టినా అంతే. చేన్ల పత్తి ఏరేటోళ్లు, కూలి పనికి పోయేటోళ్లు బాటిల్‌కు తడి గోనె పట్టా చుట్టి యాప చెట్టు కొమ్మకు గాలికి వేలాడదీస్తరు, డబ్బు పెట్టకుండ దొరికే సలహాల్ల ఇంతకంటే మంచిది నాకు తెల్వదు, బట్ట ఆరిపోకుండ అప్పుడప్పుడు తడపాలె అంతే. బట్ట తడి లేకుండ చుడితే మాత్రం అది వేడి రాకుండ ఆపుడే చేస్తది, సల్లగ చేయదు.

సైటు మీద, ట్రాక్టర్ల, స్కూల్ల తిరిగేటోళ్లకు వ్యాక్యూమ్ ఉన్న స్టీలు బాటిల్ మంచి కొనుగోలు. రెండు గోడల నడుమ గాలి తీసేస్తరు, జేమ్స్ డీవర్ 1892లో ద్రవరూప వాయువుల కోసం చేసిన పాత్ర నుంచి వచ్చిందే ఈ థర్మస్. గాలి లేదు కాబట్టి మోసుకపోయేది లేదు, లోపల మెరుపు ఉంటది కాబట్టి కిరణాలు తక్కువ, ఇగ వేడి పోయేది మెడ నుంచి, మూత నుంచే. అందుకే వెడల్పు నోరున్న దాని కంటే ఇరుకు నోరున్నది ఎక్కువసేపు ఆపుతది. ఒకే గోడ ఉన్న స్టీలు బాటిల్‌ను థర్మస్ అని అమ్ముతున్నరు, తెలుసుకోవడం తేలిక, మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు ఆగి బయట పట్టుకుంటే వేడిగ ఉండొద్దు. చాయ్ పోసే ముందు వేడి నీళ్లు ఐదు నిమిషాలు పోసి పారబోస్తే, మజ్జిగకైతే ముందు సల్లటి నీళ్లు పోసి పారబోస్తే, ఆపే గంటలు పెరుగుతయి, నిండా పోస్తే ఇంకా పెరుగుతయి. పది మందికి నీళ్లు కావాలంటే ఫోమ్ ఉన్న పెద్ద క్యాంపర్ తీసుకోండి, అది వ్యాక్యూమ్ అంత ఆపదు గానీ నీళ్లు ఎక్కువ ఉంటయి కాబట్టి నిదానంగ వేడెక్కుతది.

ఫ్రిజ్జుల ఏ బాటిల్ పెట్టినా తేడా చిన్నదే, అక్కడ కూడా అడ్డం గాలి పొరనే, సన్నపొడుగు బాటిల్ లావు దాని కంటే తొందరగ సల్లబడ్తది. గాజు సీసా నిండా పోసి డీప్ ఫ్రీజర్‌ల పెట్టొద్దు, నీళ్లు గడ్డకడితే 9 శాతం ఉబ్బుతయి, పగుల్తది. వేడి నీళ్లు పెడితేనే తొందరగ గడ్డకడతయి అనే ముచ్చట ఒకటి తిరుగుతుంటది, టాంజానియాల మ్పెంబా అనే స్కూలు పిల్లగాడు 1963లో చూసి చెప్పిన సంగతి అది, శాస్త్రవేత్తలు ఇప్పటికీ కొట్లాడుకుంటున్నరు, ఇంట్ల మంచు కోసం మాత్రం సల్లటి నీళ్లే పెట్టండి, వేడివి పెడితే ఫ్రిజ్జుకే భారం.

కప్పు మీద నల్ల ట్యాంకు. మే నెలల మూడింటికి నల్లా తిప్పితే చెయ్యి పెట్టలేనంత వేడి, ఇక్కడ ప్లాస్టిక్కా సిమెంటా అనేది కాదు, రంగు, నీడ ముఖ్యం. నలుపు పగలంతా ఎండను మింగుతది, తెలుపు చాలా వరకు తిప్పి కొడ్తది. కొత్తది కొనేటోళ్లు తెల్లది కొనండి, ఉన్నోళ్లు తెల్ల పెయింట్ వేయండి లేకుంటే పైన రేకు పందిరి వేసి చుట్టూ గోనె సంచులు కట్టి తడపండి. పైపు కూడా ఎండల ఉంటది, మొదటి బకెట్ వేడి దాన్నుంచే వస్తది. సంపు ఉన్నోళ్లు పగలు మోటరు వేయకుండ తెల్లారుజామున వేసుకుంటే ఆ నీళ్లు సల్లగుంటయి, భూమి లోపల ఎండ కాక అంత తొందరగ దిగదు. రాత్రి ఆకాశం కింద వెడల్పు బగోనెల పలుచగ నీళ్లు పోసి పలుచటి బట్ట కప్పి పెట్టినా పొద్దుటికి మంచి సల్లగైతయి. 1775లో రాబర్ట్ బార్కర్ అనే ఆయన రాసిండు, అలహాబాద్ దిక్కు సలికాలం రాత్రుళ్లు గుంటలల్ల ఎండిన చెరుకు, మొక్కజొన్న చొప్ప పరిచి పలుచటి మట్టి మూకుళ్లల్ల నీళ్లు పెట్టి తెల్లారేసరికి మంచు తీసేటోళ్లంట. మన రాత్రుళ్లు అంత సల్లగుండవు గానీ సూత్రం అదే.

ఇగ వేడి. గ్యాస్ పొయ్యి మీద నీళ్లు మరగనీకి అల్యూమినియమా స్టీలా అంటే ఉత్త నీళ్లకు పెద్ద తేడా రాదు, మంట నుంచి గిన్నెకు వేడి దిగుడే నిదానం, గోడ దాటుడు కాదు. పాలు, పప్పు, జావ అయితే వేరు, స్టీలు వేడిని పక్కలకు పంచదు, మంట తగిలిన చోటనే మాడుతది, దానికి రాగి అడుగో అల్యూమినియం అడుగో ఉన్నది తీసుకోండి. నీళ్లకు అయితే వెడల్పు అడుగు, మూత, మంట అడుగు దాటి పక్కలకు రాకపోవుడు, ఇవే అసలు. మూత మీద ఎందుకింత పట్టు అంటే వేడి నీళ్లు సల్లబడేది ముఖ్యంగ పైన ఆవిరి వల్లనే, 80 డిగ్రీల నీళ్ల మీద ఆవిరి ఒత్తిడి 30 డిగ్రీల నీళ్ల మీద కంటే పదకొండు రెట్లు. మట్టి కుండల కాచుడు మాత్రం నిజంగనే ఆలస్యం, గోడ మందం ఎక్కువ, దానికే బోలెడు వేడి పడ్తది, కానీ దించినంక ఆ వేడితోనే పప్పు ఉడుకుతుంటది. నీళ్లు మహబూబ్‌నగర్‌ల 98 డిగ్రీలు దాటంగనే మరుగుతయి, సముద్రమట్టానికి 500 మీటర్ల ఎత్తుల ఉన్నం కాబట్టి, వంటకు దాంతో పట్టింపు లేదు. మరగడం మొదలైనంక మంట పెంచితే నీళ్లు ఇంకా వేడెక్కవు, ఆవిరి ఎక్కువైతది అంతే, సిమ్‌ల పెట్టండి.

స్నానానికి 20 లీటర్ల బకెట్, 20 డిగ్రీల నుంచి 42కు తేవాలంటే అర యూనిట్ కరెంటు, 1500 వాట్ల రాడ్డుకు 20 నిమిషాల పైన. గ్యాస్ మీదైతే 60 నుంచి 75 గ్రాములు, అంటే 14.2 కిలోల సిలిండర్‌ల సుమారు 200 బకెట్లు. మీ యూనిట్ రేటు, సిలిండర్ రేటు పెట్టి లెక్క చూసుకోండి. రాడ్డుకు ఇనుప బకెట్, స్టీలు బకెట్ వాడనే వద్దు, షాక్ కొడితే ప్రాణం పోతది, మందపాటి ప్లాస్టిక్ బకెట్, రాడ్డు గోడకు తగలకుండ, నీళ్లు గీత దాకా పోసి, స్విచ్ బంద్ చేసి ప్లగ్గు పీకినంకనే నీళ్లు ముట్టాలె, పిల్లలున్న ఇంట్ల రాడ్డు కంటే గీజరే మంచిది. బోరు నీళ్లకు గీజరు లోపల, రాడ్డు మీద తెల్ల గార పడ్తది, అది వేడిని ఆపి కరెంటు తింటది, ఏడాదికోసారి తీయించండి. ఎండ ఉన్నరోజు అయితే ఇవేవీ వద్దు, వెడల్పు నల్ల టబ్బుల నీళ్లు పలుచగ పోసి పైన గాజు పలక పెట్టి పొద్దున తొమ్మిదింటికి ఎండల పెడితే మధ్యాహ్నానికి పసిపిల్లల స్నానానికి సరిపోయే వేడి వస్తది, అప్పుడప్పుడు అంతకు మించి కూడా వస్తది, చూసుకొని పోయాలె. మరిగే నీళ్లు మాత్రం కూల్‌డ్రింక్ బాటిళ్లల్ల పోయొద్దు, ఆ ప్లాస్టిక్ 75 డిగ్రీల దగ్గరనే మెత్తబడ్తది.

వేడివి తొందరగ సల్లబరచాలంటే, కాచిన నీళ్లు గానీ పాలు గానీ, అప్పుడు గిన్నె దేంతోటి చేసిన్రు అనేది నిజంగ పట్టింపుకొస్తది. స్టీలు గిన్నెల పోసి, దాన్ని సల్లటి నీళ్ల టబ్బుల దించి, గంటెతో తిప్పుతుండండి, బయట గాలి బదులు నీళ్లున్నయి కాబట్టి లోహం గోడ వేడిని గబగబ దాటిస్తది, ప్లాస్టిక్ గిన్నె, మందపాటి గాజు సీసా ఇక్కడ వెనుకబడ్తయి. మూత తీసి ఉంచాలె, టబ్బు నీళ్లు వేడెక్కితే మార్చాలె. పసిపిల్లలకు పట్టేవి అయితే ఎత్తు నుంచి గ్లాసులు మార్చి పోయొద్దు, తొందరగ సల్లబడ్తయి గానీ దుమ్ము పడ్తది, మూతను కొంచెం వారగ పెట్టి టబ్బుల సల్లబరిచి మణికట్టు మీద ఒక చుక్క వేసి చూసుకొని పట్టండి.